పాకీ సందు మీది రేకుల గురించి

తేది: 16-2-2017, గురువారం

పురపాలక సంఘ కమిషనరు గారి సముఖమునకు,

మిల్లుపేట వెనక వరుసలో కాపురముంటూ, పాత ఇళ్ళకు కరెంటు పనులు చేసుకొని బతుకు బెన్హర్ వ్రాసి ఇచ్చుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మిల్లుపేట రెండు వరుసల ఇళ్ళ వెనక గోడల నడుమ గల మున్సిపాలిటీ వారి పాకీ సందును శ్రీ నరసింగరావు గారు ఇనపరేకులతో కప్పి, రెండు కొసలా షట్టర్లు బిగించి, ధాన్యం గోడౌనుగా వాడుకొనుచున్నందున, మా వంటిళ్ళ పొగ బయటికి పోక మనుషులు చచ్చే స్థితి వచ్చుట గురించి, శనివారం లోగా సదరు రేకులు పీకించుట గురించి.

సూచిక: ఇదే విషయమై లోగడ నేను ఇచ్చిన అర్జీలు. అవి మీ ఆఫీసులో ఏ బీరువా కింద ఎత్తు సరిపోక పెట్టారో నాకు తెలియదు.

పై విషయంలో తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఇళ్ళు తమరు చూసి ఉండరు. దొరల కాలంలో మిల్లు గుమస్తాల కోసం కట్టిన పెంకుటిళ్ళు. ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఒక్కటే. ముందు వీధి, వెనక సందు. గాలి రావాలన్నా పోవాలన్నా ఆ రెండే దారులు. వంటగది వెనక ఉంటుంది. దాని గోడకి పైన జానెడు వెడల్పు వెంటిలేటరు. పొగ అందులోంచి సందులోకి పోయి, సందులోంచి ఆకాశంలోకి పోయేది. దానికి కరెంటు అక్కర్లేదు, మీ పర్మిషనూ అక్కర్లేదు. కిందటేడు వేసవిలో నరసింగరావు గారు సందుని కప్పేశారు. ధాన్యం తడవకూడదని రేకుకీ గోడకీ నడుమ చీమ దూరకుండా సిమెంటు పూయించారు. ధాన్యం తడవలేదు. మేం లోపల ఉడుకుతున్నాం.

2. సదరు ఇంట్లో నాతో పాటు మా అమ్మ అన్నమ్మ, మా నాయనమ్మ బుల్లమ్మ ఉంటారు. మా అమ్మ శెనక్కాయలు ఇసకలో వేపి స్టేషను దగ్గర అమ్ముతుంది. అంతకు ముందు ఉప్పుడుబియ్యం మిల్లులో ఊకపొయ్యి ముందర నిలబడి నిలబడి ఊపిరితిత్తులు సగం అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. మిగతా సగం నరసింగరావు గారు తీసుకుంటున్నారు. పొయ్యి ముందు కూర్చుంటే మా అమ్మకి ఆయాసం. కూర్చోకపోతే ఇంట్లో కూడు లేదు. ఈ రెంటిలో ఏది చెయ్యమంటారో తమరే ఒక మెమో ఇప్పించండి.

3. నేను ఏ ఐటీఐలోనూ చదవలేదు. పాడైన మోటార్లు విప్పి, షాకులు తిని నేర్చుకున్నాను. మా అమ్మ దగ్గు వినలేక నా చేతులతో నేనే వెంటిలేటర్లో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టాను. ఆ గోడలు అడుసుతో కట్టినవి. డ్రిల్లు పెడితే జారిపోతాయి. ఉలితో కొద్ది కొద్దిగా చెక్కి, చెక్క చట్రం కూర్చి, అందులో ఫ్యాను బిగించాను. ఇంట్లో ఉన్న వైరింగు చెక్క పట్టీల మీద పాతకాలంది, ముట్టుకుంటే తొడుగు పొడై రాలిపోతాది. దానికి తగిలిస్తే ఇల్లు అంటుకుంటుందని మీటరు దగ్గర్నుంచి వేరే పైపు లాగి, విడిగా స్విచ్చి పెట్టి, ఎర్తు కూడా దింపాను. పని శుభ్రంగా చేశాను. తిప్పాను. పొగ సందులోకి పోయింది. సందు మూసేసి ఉన్నాది కదా, ఎదుటి ఇంట్లోకి పోయింది.

ఎదుటి ఇల్లు ఎర్రన్నది. అతనూ, భార్య దుర్గా చేపల వ్యాపారం చేస్తారు. సముద్రం ఒడ్డు నుంచి కవళ్ళు లాంటి చేపలు తెచ్చి పొద్దుట పచ్చివి, సాయంత్రం వేపినవి అమ్ముతారు. ఎర్రన్నని నేను మావా అని పిలుస్తాను. మావ అదే సాయంత్రం మా వీధి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరే బెన్హరా, ఏటిరా ఇది? మీ పొగంతా మా కొంపలోకి తోసెత్తన్నావు. మాకేటి ముక్కుల్నేవా?"

"రేకులేసినోణ్ని అడుగు మావా."

"ఆణ్ని తరవాత అడుగుతాను. ముందు నాకూ ఒకటెట్టు. నీదానికన్నా పెద్దది."

పెట్టాను. ఆ ఇంటికి కూడా ఉన్న గోడలు అవే. ఇంకో పక్క కంత పెట్టడానికి ఇంకో పక్క లేదు. నా ఫ్యాను తిరిగితే పొగ అటు. వాళ్ళది తిరిగితే ఇటు. రెండూ తిరిగితే చేపల పొగా శెనక్కాయల పొగా ఆ మూసిన సందులో ఒకదాన్నొకటి కుమ్ముకొని, పెంకుల కింద నుంచి రెండు ఇళ్ళలోకీ తిరిగొచ్చేవి. ఇక ఆడవాళ్ళు ఫ్యాన్ల రెక్కల మధ్య నుంచి మాట్లాడుకోవడం మొదలెట్టారు.

"ఒలే వదినా, ఆపు నీ ఫేను! నీ మాడు శెనక్కాయల కంపుకి నా గుంటలు కక్కుతన్నారు!"

"నీ సేపలేటి మల్లెపూలా దుర్గా? నా దుప్పట్లన్నీ నీ కవళ్ళ కంపే! రాతిరి పిల్లులొచ్చి నా మంచమెక్కతన్నాయి!"

నవ్వకండి. ఇది నవ్వులాట కాదు. నవ్వితే ఇక్కడితో చదవడం ఆపేసి కాగితం చింపేయండి. ముందరివి అలాగే చింపి ఉంటారు.

4. ధాన్యానికి చేపల వాసన పడుతోందని మిల్లు వాళ్ళు బస్తాలు తిప్పి పంపేశారట. అప్పుడు నరసింగరావు గారికి పొగ గుర్తొచ్చింది. మాకు కబురు లేదు, మాట లేదు. తన దగ్గర బస్తాలు మోసే గంగులు అనువాణ్ణి సందులోకి పంపి, తిరుగుతున్న ఎర్రన్న ఫ్యానులోకి గునపం దూర్పించారు. దుర్గ పొయ్యి దగ్గర చేపలు తిరగేస్తున్నాది. రెక్క విరిగి లోపలికి ఎగిరి, కనుబొమ్మ దగ్గర్నుంచి దవడ దాకా కోసుకుంటూ పోయింది. రక్తం మూకుట్లో కాగుతున్న నూనెలో పడి చిటచిటలాడిందట. ఆ మాట ఆమే చెప్పింది, కుట్లు వేయించుకొని వచ్చాక. కన్ను పోలేదు. ఆమె అదృష్టం. గంగులుది కూడా.

5. దుర్గ ముఖం తెగింది. ఎర్రన్నకి కనపడింది ఏమిటి? ఎదురుగా నా ఫ్యాను. విరిగినదీ నేను బిగించిందే. పొద్దుటే నాతో తగువు. అతను ఇంకేం ఆలోచించలేదు. చేపలు కోసే కత్తి పట్టుకొని మా ఇంటి మీదికి వచ్చాడు.

"నా పెళ్ళాం మొకం కోసినావురా, లంజాకొడకా! నీ ఫేను నీ పొట్టలో ఎట్టి తిప్పుతాను!"

కత్తి నా ముంజేతి మీద దిగింది. నేను చేతికందిన ఇనప గొట్టంతో అతని భుజం విరగ్గొట్టబోయాను. గురి తప్పి మెడ మీద పడింది. అయ్యా, మంచి మనిషిని మంచి మనిషి ఎలా కొడతాడో తమరు చూసి ఉండరు. అక్కసు తీరదు. కొట్టిన కొద్దీ ఇంకా కొట్టాలనిపిస్తుంది. ఇద్దరం గోడకేసి గుద్దుకున్నాం. వేరుశెనక్కాయల ఇసక మూకుడు తన్నేశాం. వేడి ఇసక, పొగ, ఇద్దరి రక్తం. మా అమ్మ మధ్యలోకి వచ్చింది. అరవబోయింది. గొంతులోంచి అరుపు రాలేదు, ఈల లాగ ఒక చప్పుడు వచ్చింది. అక్కడే కుప్పకూలిపోయింది. పెదాలు నీలంగా అయిపోయాయి.

ఎర్రన్న కత్తి పారేశాడు. నేను ఇంకా గొట్టం ఎత్తి పట్టుకొని ఉన్నాను. అతను నా వంక కూడా చూడలేదు. మా అమ్మని రెండు చేతులా ఎత్తి తన చేపల మూడుచక్రాల బండిలో, అయిసు ముక్కల పక్కన పడుకోబెట్టాడు.

"సూస్తన్నావేటిరా గాడిదా! ఎనకనుంచి తొయ్యి! అప్పా, ఊపిరి తియ్యి! తియ్యప్పా! నీ కొడుకుని తరవాత సంపుతాను, ముందు నువ్వు ఊపిరి తియ్యి!"

ఆస్పత్రి దాకా అతను తొక్కుతూ నన్ను తిడుతూనే ఉన్నాడు. నేను తోస్తూ ఏడుస్తూనే ఉన్నాను. నా చేతి రక్తం బండి మీద, అయిసు నీళ్ళతో కలిసి రోడ్డు పొడుగునా కారింది.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నాక ఎర్రన్న ఒక్క మాట అడిగాడు. "గునపం సందు పక్కనించి దిగున్నాదిరా. సందు తాళం ఎవడి దగ్గరున్నాది?" ఆ తర్వాత మేమిద్దరం మళ్ళీ కొట్టుకోలేదు.

6. డాక్టరు గారు చెప్పినది: మా అమ్మని శనివారం ఇంటికి పంపుతారు. పొగ లేని ఇంటికి పంపుతారు. ఇంకోసారి ఇలా పొగలో పడితే తీసుకురావద్దు, తెచ్చినా లాభం ఉండదు అన్నారు. మాకు ఇంకో ఇల్లు లేదు. అదే ఇల్లు, అదే గోడ, అదే రేకులు. శనివారం అంటే ఎల్లుండి.

7. ఈ మాట చెప్పడానికే నేనూ, మా నాయనమ్మా నిన్న నరసింగరావు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన గోడౌను ముందు కుర్చీ వేసుకొని ఉన్నారు. నేను చేతులు కట్టుకొని, బాబూ అనే మొదలెట్టాను. తమకి రాసినంత మర్యాదగానే చెప్పాను.

"సందా? ఏ సందు?" అన్నారు. "నా పుట్టిన కాణ్ణించి సూస్తన్నాను, అందులో మనిషి అడుగెట్టడం నాను సూణ్ణేదు. ఎవడు నడిసేడ్రా? నడిసినోణ్ని ఒక్కణ్ని తీసుకురా. రేకులు నానే ఇప్పిత్తాను."

"నాను నడిసేను బాబూ," అంది మా నాయనమ్మ.

"నువ్వెవర్తివే?"

"బుల్లమ్మని. మీ దొడ్డెత్తినదాన్ని. ఈ రెండు వరసల్లో ఏ ఇంటి కంత ఎక్కడున్నాదో కళ్ళు మూసుకొని సెప్తాను. మీ ఇంటి కంతకి రేకు తలుపుండేది. దాని మడత ఇరిగిపోయి నా అరిసెయ్యి సీరుకుపోయింది, ఇదిగో సూడు. సిన్నప్పుడు నీకు ఇరేసనాలు అట్టుకున్నాయి. మీయమ్మ ఆగలేక కంత దగ్గిర నించొని, 'ఒలే బుల్లీ, బేగి రాయే, కంపుకి సచ్చిపోతన్నాం' అని అరిసేది. మనిషిని సూణ్ణేదన్నావు. నిజవే బాబూ. మేవొస్తే మీరు తలుపులేసుకునేవోరు కదా. ఎలాగ సూస్తావు?"

బస్తాలు మోస్తున్నవాళ్ళు నవ్వారు. గంగులు కూడా నవ్వాడు. ఆ నవ్వుకి నరసింగరావు గారికి పిచ్చెత్తింది. లేచి ముసలిదాని రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి తోసేశారు. తల గచ్చుకి తగిలింది. కొబ్బరికాయ చప్పుడు వచ్చింది.

తదుపరి నేను నా జేబులో గల కటింగు ప్లయరుతో సదరు నరసింగరావు గారి మూతి మీద కొట్టియున్నాను. ముందు పన్ను ఊడియున్నది. ఇందుపై నా మీద కేసు కట్టియున్నారు. ముసలిదాన్ని తోసినందుకు కట్టలేదు. కొట్టలేదని నేను అనను. మళ్ళీ తోస్తే మళ్ళీ కొడతాను. ఈ పేరా కూడా ఇన్‌వర్డు చేయించుకోండి.

8. మీ ప్లానింగు సెక్షనులో నన్ను అడిగినది: సదరు సందు "వాడుకలో" ఉన్నట్టు రుజువు ఏమిటి?

రుజువు మా గోడలో ఉన్నాది. రండి. ప్రతి ఇంటి వెనక గోడకి కిందన పాకీ కంత ఉండేది. ఇంట్లోవాళ్ళు లోపల కూర్చొనేవారు. మా నాయనమ్మలు సందులోంచి చెయ్యి దూర్చి తట్టలోకి ఎత్తేవారు. కొత్త మరుగుదొడ్లు వచ్చాక కంతలకి ఇటుకలు పెట్టి పూసేశారు. పూత మీద కర్రతో కొట్టండి, డొల్ల చప్పుడు వస్తాది. నరసింగరావు గారి పాత ఇంటి గోడ కూడా కొట్టండి, అక్కడా వస్తాది. ఇంటి కంత సందులోకి తెరిచింది అంటే ఆ సందు ఎవడి సొంతమూ కాదు. సొంత పెరట్లోకి ఎవడూ పాకీ కంత పెట్టుకోడు.

ఆ సందులో కంపు భరించలేక ఇళ్ళవాళ్ళు కొత్త కాలనీకి పోతే, అద్దె తక్కువని మా నాన్న ఈ ఇంట్లో దిగాడు. ఆరోజు మా నాయనమ్మ ఈ ఇంట్లోకి వీధి గుమ్మంలోంచి మొదటిసారి అడుగు పెట్టింది. అందాకా ఈ ఇంటి వెనక వైపే ఆమెకి తెలుసు. కంపు కొట్టినన్నాళ్ళూ సందు మాది. కంపు పోయాక నరసింగరావు గారిది. ఇదేం లెక్కో మీ ప్లానింగు వాళ్ళని అడిగి నాకు తెలుగులో రాయించి పంపండి.

9. గంగులు మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉన్నాది. అందుకని రాయలేదు.

కావున తమరు దయతో:

మా అమ్మ ఇంటికి వచ్చేలోగా రేకులు పీకించవలెను. షట్టర్లు తీయించవలెను. బస్తాలు నరసింగరావు గారి మేడలో, ఆయన పడగ్గదిలో పెట్టించుకోమని చెప్పవలెను. అది కుదరకపోతే తమరే స్వయంగా వచ్చి మా వంటింట్లో పొయ్యి ముందర పీట వేసుకొని కూర్చొని, రెండు ఫ్యాన్లూ తిరుగుతుండగా, మా అమ్మ ఒక్క మూకుడు శెనక్కాయలు వేపేటంతసేపు ఉండవలెను. ఆ తర్వాత తమకి ఊపిరి మిగిలితే నా అర్జీ కొట్టివేయవచ్చును.

ఇంట్లో పది కిలోల సుత్తి ఉన్నాది. గోడలకి కంతలు పెట్టుట నా వృత్తి. ఈ మాటే ముందు నోటితో చెబితే, ఇది బెదిరింపు అని మీ గుమస్తా గారు అన్నారు. కాదు. బెదిరించేవాడు రోజు చెప్పడు. నేను చెప్తున్నాను: శనివారం.

ఇది చిత్తగించవలెను. చిత్తగించకపోయినా సుత్తి ఆగదు.

శనివారం వరకు తమ విధేయుడు,
బెన్హర్

సాక్షులు: ఎర్రన్న (సంతకం). దుర్గ (కుట్లు నొప్పెడుతున్నా తానే చేసిన సంతకం). బుల్లమ్మ (వేలిముద్ర, అరచేతి మీది చీరుడు కూడా ముద్ర పడాలని చెయ్యంతా సిరాలో ముంచింది, అందుకే కాగితం పాడైంది).

తా.క. శనివారం, 18వ తేది, మధ్యాహ్నం.

గురువారమే ఈ అర్జీ పట్టుకొని మీ ఆఫీసుకి వచ్చాను. తమరు క్యాంపులో ఉన్నారట. సోమవారం గ్రీవెన్సుకి రమ్మన్నారు. సోమవారం దాకా ఊపిరి బిగపట్టుకొని ఉండమని మా అమ్మకి ఎవరు చెప్తారు? అందుకని కాగితం నా దగ్గరే ఉండిపోయింది. కింద ఖాళీ ఉంటే ఇది రాస్తున్నాను.

పొద్దుటే రెండిళ్ళ కరెంటు మెయిన్లూ దింపేశాను. షట్టర్ల జోలికి పోలేదు, అవి నరసింగరావు గారి సొంత ఆస్తి. మా నాయనమ్మ తలకి కట్టుతో వచ్చి వంటింటి గోడ కిందన కర్రతో కొట్టింది. "ఇక్కడ కొట్టరా," అంది. కొట్టాను. పూత పెళ్ళలుగా రాలింది. ఇటుకలు వచ్చేశాయి. వెనకాల తుప్పుపట్టిన రేకు తలుపు. తన్నాను. ఆమె చెయ్యి దూర్చిన కంతలోంచి నేను మనిషిని దూరి సందులోకి లేచాను.

గంగులు బస్తాల మీద పడుకొని ఉన్నాడు. గునపం అందుకున్నాడు. పైన పెంకుల మీద నుంచి ఎర్రన్న ఒక రేకు అప్పటికే లేవదీశాడు. "ఒరే గంగులూ, అటు తిరుగు," అన్నాడు. వాడు తిరిగాడు. విరిగిన ఫ్యాను చట్రంలో దుర్గ ముఖం ఉన్నాది, కుట్లతో. వాడు గునపం కింద పెట్టి, లోపలి తాళం తీసి, షట్టరెత్తి, పరిగెత్తాడు. షట్టరు కూడా అలాగ తెరుచుకుంది.

నేను కింద నుంచి, మావ పైనుంచి. ఒక్కో దెబ్బకీ ఊరంతా వినపడింది. ఒక రేకు అంచు నా వీపు కోసింది. తెగనీ అన్నాను. కొట్టాను. గోడకి పూసిన సిమెంటుని కొట్టాను, దుర్గ దవడని తలుచుకొని కొట్టాను, మా అమ్మ గొంతులో ఈలని తలుచుకొని కొట్టాను, విరగడానికి ఇంక ఏమీ లేకపోయినా కొట్టాను. "ఇంక సాలురా, పడిపోయింది," అని మావ పైనుంచి అరిచాడు. చూస్తే నెత్తి మీద ఆకాశం. రేకులకి పట్టిన మసి నల్ల మంచులాగ మా అందరి మీదా రాలుతున్నాది.

కాబట్టి పైన కోరినదాంట్లో మొదటి రెండూ తమరు శ్రమ పడక్కర్లేకుండా అయిపోయాయి. బస్తాలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఒక్క గింజ ముట్టుకోలేదు. వాన కురిసేలోగా తీయించుకోమనండి.

మా అమ్మ ఇందాకే మావ బండిలో వచ్చింది. కొత్త రెక్క వేసి దుర్గ ఫ్యాను కూడా తిప్పాను. రెండూ తిరుగుతున్నాయి. రెండు పొగలూ సందులో కలిసి నిట్టనిలువునా పైకి పోతున్నాయి. మా అమ్మ గోడకి చేరబడి కూర్చొని, ఊపిరి పీల్చి, వెంటిలేటరు వైపు మూతి పెట్టి అరిచింది. అరుపే వచ్చింది.

"ఏటే దుర్గా, ఇయ్యాలా కవళ్ళేనా?"

నరసింగరావు గారు పోలీసు స్టేషనుకి వెళ్ళారని తెలిసింది. నేను ఎక్కడికీ పోను, ఇంట్లోనే ఉంటాను. పోలీసుల్ని వీధి గుమ్మంలోంచి పంపండి. సందులోంచి మాత్రం పంపొద్దు. మా నాయనమ్మ సందు నట్టనడుమ నులకమంచం వేయించుకొని, వెల్లకిలా పడుకొని నిద్రపోతున్నాది. ఆ సందులో ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. లేపితే ఊరుకోను.